గోదావరి ఎండల్లో వైట్ వైన్ దాచుకుంటే వచ్చే తేడాలు, వాటికి ఏం చేయాలి

మోసెల్ రీస్లింగ్, బర్గండీ షార్డొనే, హంటర్ వ్యాలీ సెమియాన్ లాంటి వైట్ వైన్లని ఏళ్ల తరబడి దాచాలంటే 12, 13 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచాలండి, మన రాజమండ్రి వైపు మే నెలలో 40 దాటిపోద్ది. అందుకే మన దగ్గర బాటిళ్లు ఎక్కువగా పాడయ్యేది వేడికే.

కార్క్ పైకి పొడుచుకొచ్చి మూతి దగ్గర బంకగా కారిందా? అది ఎక్కడో వేడికి ఉడికిపోయిన బాటిల్. వేడికి లోపల వైన్ పొంగి కార్క్‌ని తోసేస్తుంది, చల్లారాక ఆ సందులోంచి గాలి లోపలికెళ్తుంది. దీన్ని బాగుచేయలేం, ఇక దాచకుండా వెంటనే తెరిచేయండి. మిగతావాటి కోసం కంప్రెసర్ ఉన్న వైన్ కూలరే కొనండి, కంప్రెసర్ లేని చిన్న రకాలు మన ఎండకి ఆగవు. బెడ్‌రూమ్ ఏసీని నమ్ముకోవద్దు, రాత్రి చల్లగా పగలు వేడిగా ఊగిసలాడటం ఇంకా చెడ్డది. కరెంటు పోతే కూలర్ తలుపు తీయకండి, బాటిళ్లు నిండుగా ఉంటే చల్లదనం కొన్ని గంటలు పోదు. మామూలు ఫ్రిజ్ కొన్ని వారాలకైతే పర్లేదు గానీ ఏళ్లకి పనికిరాదు, లోపలి గాలి పొడిగా ఉండి కార్క్ ఎండిపోద్ది.

రంగు ముదిరి, కోసి వదిలేసిన యాపిల్ వాసనో మెంతుల వాసనో వస్తే గాలి తగిలి ఆక్సిడైజ్ అయినట్టు. మెంతుల్లో ఉండే సొటొలాన్ అనే పదార్థమే ఇక్కడా పుడుతుంది. ఫ్రాన్స్‌లో జురా ప్రాంతపు వాన్ జోన్ అనే వైన్‌లో ఆ వాసనే కావాలని కోరుకుంటారు, నాలుగైదేళ్ల షార్డొనేలో వస్తే మాత్రం పోయినట్టే. 1990ల మధ్య నుంచి వచ్చిన వైట్ బర్గండీల్లో, అంటే బర్గండీ షార్డొనేల్లో, చాలావాటికి ఈ తొందర ముసలితనం వచ్చింది, కాబట్టి ఒకే రకం మూడు నాలుగు కొని ఒకటి ముందే తెరిచి చూసుకోండి. రంగొక్కటే చూసి తీర్పు చెప్పొద్దు, పాత సెమియాన్ బంగారు రంగులోనే ఉంటుంది.

రీస్లింగ్‌లో కిరసనాయిలు వాసన వస్తే కంగారుపడకండి, అది టీడీఎన్ అనే పదార్థం, వయసుతో వచ్చేదే, నాకైతే చాలా ఇష్టం.

అడుగున గాజుపొడిలాంటి పలుకులు కనిపిస్తే అవి టార్ట్రేట్లు, చింతపండులో ఉండే టార్టారిక్ యాసిడ్ తాలూకువే, ఏ హానీ లేదు, ఒకరోజు నిలబెట్టి మెల్లగా వంపుకోండి.

వానాకాలం లేబుల్ మీద బూజు పడితే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అదే గ్లాసులో తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది టీసీఏ, కార్క్ తాలూకు దోషం, ఎంతసేపు గాలికి పెట్టినా పోదు, కొన్నచోట అడిగి మార్పించుకోండి.

వాసనే రావట్లేదు, నాలుక మీద పులుపు తప్ప ఏం లేదు అనిపిస్తే చాలాసార్లు బాటిల్ మరీ చల్లగా ఉన్నట్టే, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల నుంచి తీసి వెంటనే తాగితే ఏ గొప్ప వైట్ అయినా నోరు విప్పదు. బయటపెట్టి 11, 12 డిగ్రీలకి రానివ్వండి, మన గదుల్లో ఎక్కువసేపు పట్టదు కాబట్టి గ్లాసులో కొంచెం కొంచెమే పోసుకుని మిగతాది చల్లటి నీళ్లలో ఉంచండి. అప్పటికీ విప్పుకోకపోతే, లేదా అగ్గిపుల్ల గీసిన వాసన వస్తే, జగ్గులోకి వంపి అరగంట ఆగండి.