మీ పేరుతో నకిలీ ఖాతా కనిపిస్తే: ఫిర్యాదు చేసే విధానం

మీ పేరు, మీ ఫొటో పెట్టి ఎవరో సామాజిక మాధ్యమంలో ఖాతా తెరిచారు. "అర్జెంటుగా పదివేలు కావాలి, రేపు ఇచ్చేస్తాను" అంటూ మీ పెదనాన్నగారికి, పాత సహోద్యోగులకు సందేశాలు వెళ్తున్నాయి. కంగారులో చాలామంది చేసే పని, తెలిసినవారందరి చేతా ఆ ఖాతాను రిపోర్టు చేయించడం. కాస్త ఆగండి. ఖాతా పోతే మీ ఆధారమూ దానితోపాటే పోతుంది.

ముందు ఆ ప్రొఫైల్ లింకు కాపీ చేసి దాచుకోండి. పేరు కనిపించే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఒకే పేరుతో ఖాతాలు ఎన్నో ఉంటాయి, పైగా పేరు మార్చుకోవడం నిమిషం పని. సందేశం అందుకున్నవారి ఫోనులోనే, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయించండి. డబ్బు పంపమన్న నంబరో యూపీఐ ఐడీయో తప్పక ఉండాలి. నా లెక్కలో అన్నిటికన్నా విలువైన ఆధారం అదే. ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే, పంపినవారే లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

ఇక ఫిర్యాదు. సైబర్‌క్రైమ్.జీవోవీ.ఇన్ పోర్టల్‌లో మొబైల్ నంబరు, ఓటీపీతో లాగిన్ కావాలి. రుసుము లేదు. సామాజిక మాధ్యమాల నేరాల విభాగంలో నకిలీ ప్రొఫైల్‌కు ఒకటి, ఖాతా హ్యాకింగ్‌కు ఒకటి విడివిడిగా ఉంటాయి. మీ ఖాతానే చేజిక్కించుకున్నారా, మీలాంటి ఖాతా కొత్తగా సృష్టించారా చూసుకుని ఎంచుకోండి. జరిగినదాన్ని కనీసం 200 అక్షరాల్లో రాయాలి. ఆవేదన కాకుండా వరుస రాయండి: ఏ రోజు, ఎవరికి, ఏ ఖాతా నుంచి, ఏమని వచ్చింది. గుర్తింపు కార్డు, ఆధారాలు జతచేసి పంపాక వచ్చే రసీదు నంబరు భద్రం.

సెక్షన్లు మీరు రాయనక్కర్లేదు, తెలిసి ఉంటే మంచిది. ఐటీ చట్టం 66సీ ఇతరుల పాస్‌వర్డ్, ఎలక్ట్రానిక్ సంతకం వంటివి మోసపూరితంగా వాడటం గురించి. 66డీ కంప్యూటర్, ఫోన్ ద్వారా మరొకరిలా నటించి మోసగించడం గురించి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 319 కింద, మరొకరిలా నటించి మోసగిస్తే ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

ఆధారాలు చేతికొచ్చాక ఖాతాను రిపోర్టు చేయండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, తనలా ఎవరో నటిస్తున్నారని బాధితుడు గానీ అతని తరఫున మరొకరు గానీ ఫిర్యాదు చేస్తే చర్య తీసుకోవడానికి ఆ మాధ్యమ సంస్థ రెండు గంటలు దాటకూడదు (2026 ఫిబ్రవరి వరకు ఈ గడువు 24 గంటలు). సంస్థ ఫిర్యాదుల అధికారి తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం ఏర్పాటుచేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు.

పోర్టల్ రసీదు ఎఫ్ఐఆర్ కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. రసీదు, ఆధారాల ప్రతులు తీసుకుని సైబర్ క్రైమ్ స్టేషన్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో వెళ్లండి. "మా పరిధి కాదు" అని తిప్పి పంపడానికి లేదు, పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. స్పీడ్ పోస్టు అయితే పంపినట్టు రుజువు మీ దగ్గర ఉంటుంది.