పాలిమర్ల ఉపరితలం, 5వ పాఠం: ఫ్లోరిన్ గ్రూపు ఎటు చూస్తోంది?

పోయిన పాఠంలో స్పర్శ కోణం, అంటే నీటిబొట్టు అంచు తలంతో చేసే కోణం, కొలవడం నేర్చుకున్నాం. అది ఎంత పెద్దదైతే నీరు అంత తక్కువగా అంటుతుంది. ఈసారి పని తిరగేద్దాం. పాలిమర్ నిర్మాణం కాగితం మీద చూసి, దాని మీద నీటిబొట్టు ఎలా కూర్చుంటుందో కొలవకముందే చెప్పాలి.

ఫ్లోరిన్ ఉంటే చాలు, నీరు అంటదనుకుంటాం. ఎంత ఫ్లోరిన్ ఉందన్నది కాదు, పైపొరలో ఏ గ్రూపు బయటికి చూస్తోందన్నదే అసలు ప్రశ్న. ఉపరితల శక్తి ఎంత తక్కువైతే నీరు అంత తక్కువగా అంటుతుంది. అది పాలిథీన్‌కు చదరపు మీటరుకు సుమారు 31 మిల్లీజౌళ్లు. అక్కడ ఉన్నవి సీహెచ్2 గ్రూపులు. సీఎఫ్2 గ్రూపుల టెఫ్లాన్‌కు 18-20. అదే సీఎఫ్3 గ్రూపులు దగ్గరదగ్గరగా పేర్చుకుని నిలబడితే 6-7కి దిగిపోతుంది. ఫ్లోరిన్ తన ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి పక్క అణువులతో ఆకర్షణ బలహీనంగా ఉంటుంది. ఎంత చేసినా నునుపైన తలం మీద నీటి స్పర్శ కోణం 120 డిగ్రీలు దాటదు. తామరాకు దాటుతుందంటే, అది మైనానికి తోడు గరుకుదనం చేసే పని.

టెఫ్లాన్‌లో సీఎఫ్2 వెన్నెముకలోనే, అంటే ప్రధాన గొలుసులోనే ఉంది. సీఎఫ్3ని పైకి తేవాలంటే దాన్ని సైడ్ గ్రూపు (గొలుసు పక్కనుంచి వచ్చే శాఖ) కొసన వేలాడదీయాలి. ఎంత పొడవున? చిక్కంతా ఇక్కడే. అక్రిలేట్ గొలుసుకు 8 ఫ్లోరోకార్బన్ల (ఫ్లోరిన్ తగిలిన కార్బన్ల) శాఖలు తగిలిస్తే అవి వరసకట్టి స్ఫటికమవుతాయి, ఇక కదలవు. 6కో 4కో తగ్గిస్తే ఆ కట్టుబాటు ఉండదు. నీరు తగలగానే శాఖలు ఒరిగిపోయి, కింద దాగిన, నీటితో పొసిగే ఎస్టర్ గ్రూపులు బయటపడతాయి. బొట్టు ముందుకు పాకేటప్పటి కోణం చూస్తే తేడా పెద్దగా తెలియదు. వెనక్కి తగ్గేటప్పటి కోణం మాత్రం బాగా పడిపోతుంది, బొట్టు జారకుండా అతుక్కుంటుంది. అందుకే ఒక్క కోణం మాత్రమే ఇచ్చే పట్టికలను నేను నమ్మను.

మరి 8తోనే సరిపెట్టుకోవచ్చుగా? ఆ శాఖలు విడిపోతే పీఎఫ్ఓఏ (పర్‌ఫ్లోరోఆక్టనోయిక్ ఆమ్లం) ఏర్పడుతుంది. అది ప్రకృతిలో నశించదు. 2019లో దాన్ని, నశించని కాలుష్య పదార్థాలపై దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిర్మూలించాల్సిన పదార్థాల జాబితాలో చేర్చారు.

ఇక ఎండ్ గ్రూపులు, అంటే గొలుసు కొసల్లో ఉండేవి. ఇవి గొలుసుకు ఒకటో రెండో, అంతే. 10,000 అణుభారం ఉన్న పాలీస్టైరీన్ కొసన ఒక సీ8ఎఫ్17 (భారం 419) పెడితే వాటా సుమారు 4 శాతం. గొలుసు 1,00,000 అయితే 0.4 శాతమే. అయినా 100 డిగ్రీల సెల్సియస్ పైన కాసేపు వేడిచేసి సర్దుకోనిస్తే, ఆ కొసలు పైకి తేలి ఉపరితలాన్ని ఆక్రమిస్తాయి. గొలుసు పొడవయ్యేకొద్దీ ఈ ప్రభావం పలచబడుతుంది.

నీటిలో వీటి కథ వేరు. పాలీఇథిలీన్ గ్లైకాల్‌కు రెండు కొసలా ఫ్లోరోకార్బన్ తగిలిస్తే, కొసలు నీటిని భరించలేక గుంపులు కడతాయి. ఒకే గొలుసు ఒక కొస ఈ గుంపులో, రెండోది ఆ గుంపులో పెట్టి వంతెనవుతుంది. వంతెనలు పెరిగేకొద్దీ ద్రావణం చిక్కబడి, చివరికి జెల్ అవుతుంది.

అభ్యాసం: రెండు పూతలు ఉన్నాయి. ఒకటి 6 ఫ్లోరోకార్బన్ల శాఖలున్న అక్రిలేట్. రెండోది కొసన సీ8ఎఫ్17 ఉన్న, 1,00,000 అణుభారపు పాలీస్టైరీన్, వేడిచేయనిది. రెంటినీ ఒక రోజు నీటిలో ముంచి తీస్తే ఏ పూత మీద ఏ కోణం ఎక్కువ మారుతుంది, ఎందుకు? కారణంతో సహా రాసుకుని ఉంచండి. 6వ పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.