అద్దె కోసం ఇల్లు కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

మనం ఉండటానికి కొనుక్కునే ఇల్లు వేరు, అద్దెకిచ్చి నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని కొనే ఇల్లు వేరు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. వంటగది బాగుంది, బాల్కనీలోకి గాలి బాగా వస్తోంది అని ముచ్చటపడి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఆ బాల్కనీలో కూర్చునేది మీరు కాదు, అద్దెకుండేవాళ్లు. మీకు దక్కేది అద్దె, ఎప్పుడో అమ్మితే వచ్చే ధర, అంతే. అందుకే ఇల్లు చూడటానికి వెళ్లకముందే ఒక కాగితం తీసుకుని లెక్క వేయండి, చూసొచ్చాక వేస్తే అంకెలు మనసు చెప్పినట్టు వింటాయి.

ఇంటి ధర 100 అనుకుందాం. మీ చేతిలోంచి 20 పెట్టి, మిగతా 80 బ్యాంకులో 8 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకున్నారు. ఏడాదికి అద్దె 4 వస్తుందన్నారు. అమ్మేవాళ్లు చెప్పే రాబడి ఈ 4 శాతమే, కానీ మీ చేతికొచ్చేది అది కాదు. పాత వాళ్లు ఖాళీ చేసి కొత్త వాళ్లు దిగేలోపు ఏడాదికో నెల పోయిందంటే 3.67. రిపేర్లు, రంగులు, మోటారు, పైపుల కోసం ఇంటి విలువలో ఏటా 1 శాతం తీసిపెట్టుకోవడం మంచి అలవాటు, అది తీస్తే 2.67. పన్ను, బీమా, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కలిపి ఒక అర తీసేయండి, మిగిలింది 2.2 కూడా కాదు. మొదటి ఏడాది బ్యాంకుకు కట్టే వడ్డీ ఒక్కటే 6.3 దాకా ఉంటుంది. అంటే అప్పు అసలు కోసం కట్టేది పక్కన పెట్టినా మొదటి ఏడాది 4 పైచిలుకు మీ జీతంలోంచి పోస్తున్నారు. మీ 20 డిపాజిట్‌లో వేసి 6 శాతం వడ్డీ తెచ్చుకునేవాళ్లయితే ఆ 1.2 కూడా వదులుకున్నట్టే. ఇవన్నీ కలిపితే ఆ ఇంటి ధర ఏటా ఐదుంపావు, ఐదున్నర శాతం పెరిగితేనే మీరు ఉన్నచోట ఉంటారు, రిజిస్ట్రేషన్ ఖర్చులూ బ్రోకరు కమీషనూ ఇందులో కలపనే లేదు. మీ ఊళ్లో అద్దెలు, వడ్డీలు వేరేగా ఉండొచ్చు, మీ అంకెలే వేసుకోండి, కానీ ఏ గడినీ ఖాళీగా వదలొద్దు.

నా మట్టుకు నేను చెప్పేది ఒకటే, ధర పెరుగుతుందన్న ఆశను ఆదాయంలో రాయొద్దు. పెరిగితే సంతోషం. పెరగకుండా ఏడెనిమిదేళ్లు అలాగే ఉన్నా ఆ ఇంటిని మోయగలరా అనేది అసలు ప్రశ్న. ఎందుకంటే ధర పడిన రోజున మీ జేబులోంచి ఏమీ పోదు, పడిన సమయంలో అమ్మక తప్పని పరిస్థితి వస్తే మాత్రం మునిగిపోతారు. అప్పు ఉన్నప్పుడు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. పై లెక్కలోనే ధర 10 శాతం తగ్గి 90 అయిందనుకోండి, బ్యాంకు 80 అలాగే ఉంటుంది, మీ 20 కాస్తా 10 అయింది, అంటే సగం పోయినట్టు. 20 శాతం తగ్గితే మీది సున్నా.

ఇళ్ల ధరలు ఎప్పుడూ తగ్గవని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. అమెరికాలో 2006 నుంచి 2012 మధ్య జాతీయ స్థాయిలోనే ఇళ్ల ధరలు పావు వంతుకు పైగా పడ్డాయి. ఐర్లాండ్‌లో 2007 తర్వాత ఆరేళ్లలో దాదాపు సగానికి వచ్చాయి. జపాన్‌లో 1991 ప్రాంతంలో స్థలాల బుడగ పేలాక పెద్ద నగరాల్లో ధరలు పదేళ్లకు పైగా దిగుతూనే పోయాయి. ఆ రోజుల్లో ఈఎంఐ కట్టుకుంటూ నిలబడ్డవాళ్ల పరిస్థితి వేరు, ఉద్యోగం పోయి కట్టలేక ఇల్లు బ్యాంకుకు వదిలేసినవాళ్ల పరిస్థితి వేరు.

వడ్డీ సంగతి కూడా చూడండి, ఇది చాలామందికి కనిపించదు. ఫ్లోటింగ్ రేటు మీద, అంటే అప్పు నడుస్తుండగా మారుతూ ఉండే వడ్డీ మీద, 8 శాతం కాస్తా 9 అయితే, ఈఎంఐ మారదు కదా అని ఊరుకుంటే, పై అప్పు 240 నెలల్లో తీరాల్సింది దాదాపు 304 నెలలు పడుతుంది. ఒక్క శాతానికి ఐదేళ్లు పైనే! అందుకే అప్పు తీసుకునేముందే వడ్డీ 2 శాతం పెరిగినట్టు, ఆరు నెలలు అద్దె రానట్టు, రెండూ ఒకేసారి జరిగినట్టు వేసి చూడండి. ఆ ఏడాది గడవాలంటే ఎంత కావాలో అంత డబ్బు విడిగా, వెంటనే తీసుకోగలిగే చోట ఉండాలి. లేకపోతే ఇంకా చిన్న ఇల్లు చూడండి, లేదా చేతి డబ్బు ఎక్కువ పోగయ్యేదాకా ఆగండి. మీ ఉద్యోగం, మీ ఇల్లు, మీ అద్దెదారుల ఉద్యోగాలు అన్నీ ఒకే పరిశ్రమ మీద ఆధారపడి ఉంటే ఇంకాస్త ఎక్కువే పెట్టుకోవాలి, ఆ పరిశ్రమ దెబ్బతిన్న రోజున మూడూ కలిసే కదులుతాయి.

ఇల్లు చూడటానికి ఒక్కసారి పట్టపగలు వెళ్లొస్తే సరిపోదు. వాన పడ్డ మర్నాడు వెళ్లండి. గదిలో మూడు గోడలు పాతగా ఉండి ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే చెయ్యి ఆనించి చూడండి, చల్లగా, పొడిపొడిగా రాలుతుంటే లోపల చెమ్మ ఉన్నట్టే. పై ఫ్లోరు బాత్రూమ్ కింద ఏ గది వస్తుందో కనుక్కుని ఆ సీలింగ్ వైపు చూడండి, గోధుమ రంగు వలయాలు ఉంటే ఆ లీకు ఇవాళ్టిది కాదు. రెండు కుళాయిలు ఒకేసారి తిప్పి నీళ్ల జోరు చూడండి. రాత్రి తొమ్మిదింటికి అదే వీధిలో నడవండి. కిందింటివాళ్లతో ఐదు నిమిషాలు మాట్లాడితే బ్రోకరు గంటసేపు చెప్పనివి తెలుస్తాయి.

అద్దె ఎంతొస్తుందన్నది అమ్మేవాళ్లను అడగొద్దు. అదే సందులో ఇప్పుడు అద్దెకున్న ఇళ్లకు మీరే అద్దెదారులా ఫోన్ చేసి, ఎంతకు ఇస్తారో, ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో కనుక్కోండి.

కాగితాల విషయంలో పొదుపు చేయొద్దు. అమ్ముతున్న మనిషికి ఆ ఇల్లు ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకు ఎవరి నుంచి వచ్చింది, మధ్యలో వారసులు ఎవరైనా సంతకం పెట్టకుండా మిగిలిపోయారా, ఎక్కడైనా తాకట్టులో ఉందా, కోర్టులో ఏమైనా నడుస్తోందా, ఇవన్నీ మీరు ఫీజు ఇచ్చి పెట్టుకున్న లాయరు చూడాలి, బిల్డరు చూపించిన లాయరు కాదు. బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి అంతా సరిగ్గానే ఉంటుందనుకోవద్దు. బ్యాంకు తన డబ్బు వెనక్కి రావడం కోసం చూస్తుంది, మీకోసం కాదు. కడుతున్న ఇల్లయితే ఇంకో టెన్షన్, ఆలస్యమైన ప్రతి నెలా అద్దె రాదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఒక ఏడాది ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకోండి.

ఇల్లు కొన్నంత తేలిగ్గా అమ్ముడుపోదు. నెలలు పడుతుంది, గదిని విడిగా కోసి అమ్ముకోలేం. కాబట్టి పిల్లల చదువుకో, వైద్యానికో మూడు నాలుగేళ్లలో కావాల్సిన డబ్బును ఇందులో పెట్టొద్దు. అన్నదమ్ములతోనో స్నేహితుడితోనో కలిసి కొంటుంటే ఒకరికి డబ్బు అవసరమైతే రెండోవాళ్లు ఏ ధరకు, ఎన్ని నెలల్లో వాటా కొనాలో కొనకముందే రాసుకోండి. బాగున్న రోజుల్లో ఈ మాట అడగడానికి మొహమాటంగా ఉంటుంది, అయినా అడగండి.

ఇక అడ్వాన్స్. ఇల్లు చూసిన రోజునే టోకెన్ ఇవ్వొద్దు, ఇంకో పార్టీ సాయంత్రం వస్తోందని ఎంత తొందరపెట్టినా సరే. లోన్ రాకపోయినా, కాగితాల్లో లోపం తేలినా అడ్వాన్స్ మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగివ్వాలని అగ్రిమెంట్‌లో రాయించి, అప్పుడే డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. దానికి ఒప్పుకోని ఇంటిని వదిలేసి ఇంకోటి చూసుకోండి.