నల్లరేగడిలో ప్లాస్టిక్ గడ్డి పరవాలంటే

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ రోజుల్లో లాన్ పచ్చగా నిలవాలంటే చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 లీటర్ల నీళ్లు తాగుతుంది. 20 అడుగులకు 10 అడుగుల వాకిలి అనుకుంటే రోజుకు ఆరు బిందెలు, అదీ బోరు సన్నగిల్లే నెలల్లో. ప్లాస్టిక్ గడ్డి వేస్తే ఆ నీళ్లు మిగులుతాయి. కాకపోతే పరిచిన ఏడాదికే గుంటలు పడి, అతుకులు లేచిన వాకిళ్లలో గడ్డి బాగానే ఉంటుంది. చెడేది దాని కింది నేల.

రేగడి ఎండకు నెర్రెలు తీస్తుంది, వానకు పొంగుతుంది, నీటిని కిందికి దిగనివ్వదు. మే నెలలో పని చేయిస్తే నెర్రెల మీదే కంకర పడుతుంది. జూన్‌లో నేల పొంగేసరికి పైన అలలు లేస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల చేయించండి.

ముందు అడుగు లోతు తవ్వి రేగడంతా బయట పోయించాలి. గుంట అడుగుకే వాటం ఇవ్వాలి: 8 అడుగులకు ఒక అంగుళం, ఇంటి గోడకు ఎదురు దిక్కుకు. పైన వాటం ఇచ్చి అడుగు వదిలేస్తే వాననీరు గిన్నెలో నిలిచినట్టు నిలుస్తుంది. పల్లపు అంచున చిల్లులు పెట్టిన 3 అంగుళాల పీవీసీ పైపు పడుకోబెట్టి, చివర మోరీలోకి తీయండి. గుంటంతా నీటిని దిగనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి. అది లేకపోతే వానలకు బంకమట్టి కంకర సందుల్లోకి ఎక్కుతుంది. పాత యూరియా సంచులు పరిచే మేస్త్రీలున్నారు. అవి ఈ గుడ్డకు సాటి రావు.

గుడ్డ మీద 7 అంగుళాల మొరం, దానిపై 20 ఎంఎం, 6 ఎంఎం కలిపిన కంకర 4 అంగుళాలు, ఆపైన అంగుళం క్రషర్ డస్ట్. దిమ్మిస వేశాక అణిగేది కూడా లెక్కేస్తే ఈ వాకిలికి (బ్రాస్ అంటే 100 ఘనపుటడుగులు) మొరం బ్రాస్‌న్నర, కంకర బ్రాస్‌కు కాస్త తక్కువ, డస్ట్ పావు బ్రాస్ పడతాయి. మొరాన్ని ఒకేసారి పోసి దిమ్మిస వేస్తే పైపైనే గట్టిపడుతుంది. మూడు నాలుగు అంగుళాలకోసారి తడిపి కొట్టించాలి. చివర్లో నడిచి చూడండి, మడమ దిగకూడదు.

గడ్డి కొనేటప్పుడు ముక్క చేతిలోకి తీసుకుని ఒక కుచ్చు గట్టిగా లాగండి. ఊడొస్తే వదిలేయండి. తిరగేసి చిల్లులు చూడండి, మీద ఒక మగ్గు నీళ్లు పోయండి, చిల్లుల్లోంచి దిగిపోవాలి. పోగు ఎత్తు 35 ఎంఎం ఉంటే చాలు. 50 ఎంఎం షాపులో ముద్దుగానే ఉంటుంది, కానీ కుర్చీ వేసిన చోట పడుకుని మళ్లీ లేవదు.

రోల్ వెడల్పు ఎక్కువగా 2 మీటర్లు. 20 అడుగుల పొడవునా రెండు పట్టీలు పరిస్తే ఒక్కటే అతుకు, కానీ 3 అడుగుల వెడల్పు ముక్క వృథా. అడ్డంగా మూడు పట్టీలైతే 19 అడుగుల 8 అంగుళాలు వస్తుంది. మిగిలిన నాలుగైదు అంగుళాలకు ఇటుక అంచు కట్టుకోవచ్చు. అతుకులు రెండవుతాయి గానీ డబ్బు మిగులుతుంది. ఒక్కో పట్టీ పొడవు 10 అడుగుల 3 అంగుళాలు కోయండి, మూడింటి పోగుల వాలూ ఒకే వైపుకు ఉండాలి. ఒకటి తిరగబడితే రెండు రంగుల గుడ్డ కలిపి కుట్టినట్టు దూరం నుంచే తెలుస్తుంది.

పరిచాక రెండు గంటలు అలాగే వదిలేస్తే మడతలు సాగుతాయి. అతుకు దగ్గర రెండు అంచుల్లోనూ రెండేసి కుట్టు వరసలు వెనక నుంచి కోసేసి, 2-3 ఎంఎం సందు ఉంచి, అడుగు వెడల్పు టేపు మీద రెండు భాగాలు కలిపి వాడే పాలీయురెథేన్ జిగురుతో అంటించాలి. పోగులు జిగురులో చిక్కుకోకుండా దువ్వుకోండి. చుట్టూ 6-8 అంగుళాలకో యూ-మేకు కొట్టండి.

చివరగా సిలికా ఇసుక, చదరపు మీటరుకు 5 కిలోలు, అంటే రెండు బస్తాలు. పొడి రోజున చల్లి బ్రష్‌తో పోగుల్లోకి దింపాలి. వార్ధా నది ఇసుక చవకని పోయొద్దు, అందులోని ఒండ్రు చిల్లులు పూడుస్తుంది, కలుపూ మొలుస్తుంది.

వేడి సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. మే మధ్యాహ్నం ఈ గడ్డి 60 డిగ్రీలు దాటుతుంది, పిల్లల అరికాళ్లు కాలతాయి. నీళ్లు కొడితే కాసేపే చల్లదనం, రోజూ కొడితే మిగిల్చిన బిందెలన్నీ అక్కడే పోతాయి. షేడ్‌నెట్ కట్టండి, లేదా వేపచెట్టు నీడ చూసుకోండి. చెట్టు మొదలు చుట్టూ మూడు అడుగులు మాత్రం మట్టే ఉంచండి. కిటికీ అద్దం మీంచి పడే ఎండ తిన్నగా తగిలే చోట పోగులు కరిగి ముడుచుకుంటాయి. దీపావళికి మీద టపాకాయలు కాల్చొద్దు.

బొగ్గు గనుల దుమ్ము పడే వాడల్లో నెలకోసారి ఎదురు వాలులో బ్రష్ కొట్టి, రెండు బకెట్ల నీళ్లు చల్లితే చాలు. ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు ఎర్రనేలల వారికి 6 అంగుళాల తవ్వకం సరిపోతుంది. నీరు ఇంకే నేల కాబట్టి మొరమూ పైపూ అక్కర్లేదు, గుడ్డ మాత్రం మానకండి.