పాత ఎయిర్‌కూల్డ్ ఇంజిన్‌కు రోలర్ లిఫ్టర్లు: ఒడిశాలోని రాయగడలో ఉండి చేయించుకోవడం ఎలా

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి పాత ఎయిర్‌కూల్డ్ (గాలితో చల్లబడే) ఇంజిన్ విప్పితే, వాల్వులను తెరిపించే క్యామ్ ముక్కు అరిగిపోయి, దాని మీద ఆనుకుని పైకీ కిందికీ జారే లిఫ్టర్ అడుగున గుంటలు పడి కనిపించడం ఈమధ్య మామూలైపోయింది. దీనికి ఒక పెద్ద కారణం ఆయిల్. చక్రం లేని ఫ్లాట్ లిఫ్టర్ క్యామ్ మీద రాసుకుంటూ నడుస్తుంది కాబట్టి రెంటి మధ్య జింకు, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ అనే ఆయిల్ మందు పొర ఉండాలి, కానీ ఆ ఫాస్ఫరస్ పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుందని 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్‌ఎమ్ గ్రేడ్ నుంచి పల్చటి పెట్రోల్ ఆయిళ్లలో దానికి 0.08 శాతం హద్దు పెట్టారు. కొత్త కార్లకు పర్లేదు, వాటిలో చాలావాటికి చిన్న చక్రంతో క్యామ్ మీద దొర్లే రోలర్లే ఉంటాయి. దెబ్బ మన పాత బళ్లకే తగిలింది.

అయినా అందరూ రోలర్ల వెనక పడక్కర్లేదు. బండి ఎప్పుడో ఆదివారం బయటికి తీసేదైతే కొత్త ఫ్లాట్ క్యామ్, దాంతోపాటే కొత్త లిఫ్టర్లు, బంకుల్లో దొరికే, ఆ హద్దు లేని సీఐ-4 గ్రేడ్ డీజిల్ ఇంజిన్ ఆయిల్, మొదటిసారి స్టార్ట్ చేయగానే ఐడ్లింగ్‌లో వదిలేయకుండా 2000–2500 ఆర్‌పీఎంలో ఇరవై నిమిషాలు నడపడం, ఇంతే చాలు. బీటిల్ మెక్సికోలో 2003 దాకా తయారైంది, ఆ సామాను ఇంకా దొరుకుతోంది. గట్టి వాల్వ్ స్ప్రింగులు, ఎక్కువ లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) పెట్టి, సాలూరు ఘాట్ మీద ఇంజిన్ బిగువుగా లాగాలనుకునేవాళ్లకే రోలర్ల ఖర్చు గిట్టుబాటవుతుంది.

చేయించాలని తేల్చుకుంటే ముందు లిఫ్టర్లు ఆర్డర్ పెట్టకండి. క్యామ్, లిఫ్టర్, అది తిరగకుండా పట్టే గైడ్, ఈ మూడూ ఒకే డ్రాయింగ్‌లో పుట్టాలి. ఫ్లాట్ క్యామ్ లోబు (లిఫ్టర్‌ను లేపే ఉబ్బు) పైకి చదునుగా కనిపించినా దానికి సన్నటి వాలు ఉంటుంది, లిఫ్టర్ అడుగు కూడా కొంచెం ఉబ్బుగా ఉంటుంది, ఆ రెండూ కలిసి లిఫ్టర్‌ను తిప్పుతూ అరుగుదలను నాలుగు వైపులా పంచుతాయి. రోలర్‌కు ఆ వాలు విషం. రోలర్ ఒక అంచు మీదే నిలబడి మొత్తం బరువు అక్కడే వేస్తుంది, పోత ఇనుప క్యామ్ ఆ ఒత్తిడికి పెచ్చులూడిపోతుంది. అందుకని రోలర్ క్యామ్ ఉక్కుదై, పైపొర గట్టిపరిచినదై, లోబు వాలు లేకుండా ఉండాలి.

అసలు చిక్కు ఆ గైడ్ దగ్గరే. ఫ్లాట్ లిఫ్టర్ తిరగాలి, రోలర్ లిఫ్టర్ ఇంచు కూడా తిరగకూడదు. రోలర్ ఇరుసు క్యామ్‌షాఫ్ట్‌కు సమాంతరంగా ఉండటం మానేసిన క్షణం రోలర్ దొర్లడం ఆగి గీకడం మొదలవుతుంది, క్యామ్ గతి అంతే. బీటిల్‌లో ఉండే వీడబ్ల్యూ (ఫోక్స్‌వ్యాగన్) టైప్-1 ఇంజిన్‌లో ఎనిమిది లిఫ్టర్లకు నాలుగే లోబులు, ఒక్కో లోబు కుడివైపు లిఫ్టర్‌నూ ఎడమవైపు లిఫ్టర్‌నూ లేపుతుంది. పెద్ద వీ-8 ఇంజిన్లలో అయితే పక్కపక్క లిఫ్టర్లను పైనుంచి ఒక పట్టీతో కలిపేస్తారు, ఇక్కడ లిఫ్టర్ జారే బోరు (రంధ్రం) బయటి వైపు పుష్‌రాడ్ (లిఫ్టర్ కదలికను వాల్వ్ వైపు తోసే కడ్డీ) ట్యూబ్ వచ్చి కూర్చుంటుంది కాబట్టి పట్టీకి చోటు లేదు. మిగిలింది లోపల, పాత లిఫ్టర్ గొడుగు లాంటి అడుగు ఉండే చోటు. అక్కడ పక్కపక్క లిఫ్టర్లను కలిపే పట్టీ పెట్టొచ్చు, లేదా లిఫ్టర్ ఒంటికి రెండు పక్కల చదును చేసి కేస్‌కు (ఇంజిన్ బాడీకి) బిగించిన పలకలో అది జారేలా చేయొచ్చు. బోరులోనే గాడి కోసి పిన్ను పెట్టడం తేలికగా కనిపిస్తుంది కానీ, మెగ్నీషియం కేస్‌లో ఆ పని నాకు నచ్చదు, ఉన్న కాస్త గోడ బలహీనమైపోతుంది.

ఇదంతా కంటితో చూడాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. రాయగడలోనో జయపురంలోనో డీజిల్ పంపులు బాగుచేసే షాపుకెళ్లి, లారీ ఇన్‌లైన్ పంపు విప్పినప్పుడు అందులోంచి తీసిన రోలర్ ట్యాపెట్ (లిఫ్టర్ లాంటిదే) ఒకటి చేతిలో పెట్టమనండి. వేలితో రోలర్ తిప్పితే లోపల బుష్, దాని లోపల పిన్ను తెలుస్తాయి. ఒంటి పక్కన చిన్న బొడిపె ఉంటుంది, అది పంపు బాడీలోని గాడిలో జారుతూ ట్యాపెట్‌ను తిరగనివ్వదు. రోలర్ మీద మెరిసే పట్టీ వెడల్పంతా సమంగా ఉందో ఒక అంచుకే ఉందో చూడండి. అంచుకే ఉంటే ఇరుసు వంకర పోయినట్టే, రేపు మీ లిఫ్టర్‌లో వెతకాల్సింది కూడా అదే. ఆ ముక్కను కారులో పెట్టమనడం లేదు, మేస్త్రికి చూపించడానికి మంచి నమూనా అంటున్నా.

ఇక లెక్కలు. ఫ్లాట్ లిఫ్టర్‌కు అడుగు వెడల్పే హద్దు. అడుగు 28 మి.మీ. అనుకుంటే క్యామ్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.24 మి.మీ. కంటే వేగంగా లేపలేదు, లేపితే అంచు తగులుతుంది. రోలర్‌కు ఈ హద్దు లేదు, కానీ బదులుగా పక్క తోపు వస్తుంది. లోబు రోలర్‌ను నేరుగా పైకి కాకుండా ఏటవాలుగా నెడుతుంది, ఆ కోణం 30 డిగ్రీలు దాటకుండా క్యామ్ గీయించుకోండి. ఆ తోపంతా పడేది 19 మి.మీ. బోరు మీద, అదీ మెత్తటి మెగ్నీషియం మీద. పైగా మెగ్నీషియం ఉక్కు కంటే రెట్టింపు మించి వ్యాకోచిస్తుంది: 80 డిగ్రీలు వేడెక్కితే 19 మి.మీ. బోరులో సందు మరో 0.02 మి.మీ. పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు 0.03 ఉంటే నడిచేటప్పుడు 0.05 అన్నమాట, ఆయిల్ ప్రెషర్ పడిపోవడానికి అది చాలు. కాబట్టి పాత కేస్ అయితే బోర్లకు కంచు బుష్షులు వేయించి, ఒకే సెట్టింగ్‌లో హోనింగ్ (లోపలి గోడను నునుపుగా రాయడం) చేయించడం మంచిది.

డ్రాయింగ్ మీద ప్రతి కొలతా దాని టాలరెన్స్‌తో (ఎంత తేడా ఒప్పుకోవచ్చో దాంతో) సహా అంకెల్లో రాయండి. ఇక్కడ లేత్ మేస్త్రి ఒడియాలో మాట్లాడతాడు, విశాఖ గాజువాక ఆటోనగర్‌లో గ్రైండింగ్ చేసేవాడు తెలుగులో, నోటిమాటగా చెప్పింది మధ్యలో మారిపోతుంది. లిఫ్టర్ ఒంటికి ఈఎన్-353 ఉక్కు తీసుకుని కేస్ హార్డెనింగ్ (పైపొర గట్టిపరచడం), రోలర్‌కు ఈఎన్-31 ఉక్కు, 58–62 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనం కొలత). రోలర్ తిరిగే పిన్ను మధ్యభాగం గట్టిగా, రెండు చివర్లు మెత్తగా ఉండాలి, లేకపోతే రివెట్ కొట్టినప్పుడు పగులుతుంది. టర్నింగ్ మన ఊళ్లోనే చేయించండి. హీట్ ట్రీట్‌మెంట్, ఫైనల్ గ్రైండింగ్ మాత్రం హార్డ్‌నెస్ టెస్టర్ ఉన్నచోటే. ముందు రెండు ముక్కలే చేయించి కోసి చూడండి, పైపొర ఎంత లోతు గట్టిపడిందో తెలియకుండా ఎనిమిదీ చేయించడం డబ్బు దండగ.

రెడీమేడ్ సెట్ తెప్పించేవాళ్లు అమ్మేవాణ్ని మూడు అడగండి: ఏ క్యామ్‌తో నడిపారు, తిరగకుండా దేంతో పట్టారు, రోలర్ లోపల నీడిల్ బేరింగా (సూదుల్లాంటి సన్నటి కడ్డీల వరస) బుషా. మూడోది చాలామంది అడగరు. ఈ ఇంజిన్‌కు కంపెనీ ఇచ్చింది జల్లెడే, పేపర్ ఫిల్టర్ లేదు, ఒక్క నీడిల్ విరిగితే ఆ ముక్కలు ఆయిల్‌తో ఊరేగుతాయి. నేనైతే బుష్ ఉన్నవే తీసుకుంటాను, లేదంటే ముందు ఆయిలంతా వడకట్టే ఫుల్‌ఫ్లో ఫిల్టర్ పెట్టిస్తాను. బయటి దేశం నుంచి వస్తే బిల్లు మీద కస్టమ్స్ హెడింగ్ 8409 అని, ఇంజిన్ భాగాలని స్పష్టంగా రాయమనండి.

బిగించేటప్పుడు మొదట చూడాల్సింది ఆయిల్ రంధ్రం. లిఫ్టర్ పూర్తిగా లేచినా, పూర్తిగా దిగినా గ్యాలరీ (కేస్‌లో ఆయిల్ వచ్చే దారి) రంధ్రం లిఫ్టర్ ఒంటితో మూసుకునే ఉండాలి, ఏ కొసన తెరుచుకున్నా ప్రెషర్ అక్కడే పోతుంది. రోలర్‌తో పుష్‌రాడ్ కూర్చునే ఎత్తు మారుతుంది కనుక పాత పుష్‌రాడ్లు పనికిరావు, పొడవు మార్చుకునే పుష్‌రాడ్ ఒకటి పెట్టి కొలవండి. పిస్టన్ మీద బంకమట్టి పెట్టి చేత్తో తిప్పి, ఇన్‌టేక్ వాల్వ్‌కు 2 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 2.5 మి.మీ. ఖాళీ ఉందో లేదో చూడండి. రెండు కేస్ ముక్కలూ బిగించాక క్యామ్‌ను చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకూడదు, పట్టీ దేనికీ తగలకూడదు.

ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్ దగ్గర వదిలే సందు) పుష్‌రాడ్‌ను బట్టి ఉంటుంది. అల్యూమినియం రాడ్లయితే ఇంజిన్‌తోపాటు అవీ పెరుగుతాయి, చల్లగా 0.15 మి.మీ. పెట్టొచ్చు. గట్టి స్ప్రింగుల కోసం ఉక్కు రాడ్లు వేస్తే అవి అంత పెరగవు, వేడెక్కాక గ్యాప్ పెద్దదై కటకటలాడుతుంది, అందుకే చల్లగా ఉన్నప్పుడు రాడ్ వేళ్లతో తిరిగేంత మాత్రం వదిలి సున్నాకు పెడతారు.

మొదటి స్టార్ట్‌కు ముందు ప్లగ్గులు తీసేసి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పండి. 500 కి.మీ.కు ఆయిల్ మార్చి, ఫిల్టర్ పెట్టించి ఉంటే దాన్ని కోసి, పేపర్ మడతల్లో అయస్కాంతం తిప్పి చూడండి. ఎనిమిది గ్యాపులూ నోట్‌బుక్‌లో రాసుకోండి. అన్నీ కొద్దిగా మారితే పర్లేదు, ఒక్క వాల్వ్ దగ్గరే ప్రతిసారీ గ్యాప్ పెరుగుతుంటే స్క్రూ తిప్పి సర్దుకుపోకుండా ఇంజిన్ దించి ఆ రోలర్ చూడండి.