ఇంట్లో పాడ్ థాయ్: నూడుల్స్‌ను నానబెట్టండి, ఉడికించకండి

థాయ్‌లాండ్ వేపుడు నూడుల్స్ ఇంట్లో చేస్తే ముద్దయిపోతున్నాయా? చాలాసార్లు కారణం ఒకటే. మూకుడులో వేయకముందే వాటిని ఉడికించేస్తాం. పాడ్ థాయ్‌కి వాడే బియ్యం నూడుల్స్‌ను నీళ్లలో ఉడికించరు. అవి మూకుడులో చింతపండు రసం పీల్చుకుంటూ ఉడకాలి.

పేరు కొత్తగా ఉన్నా ఈ రుచి మనకు దగ్గరిదే. చింతపండు, తాటి బెల్లం, ఎండు రొయ్యపప్పు, వేరుశెనగ గుళ్లు, అన్నీ మన వంటింట్లో తిరిగేవే. కొత్తగా కొనాల్సింది బియ్యం నూడుల్స్, టోఫు (సోయా పాలను విరగ్గొట్టి చేసే పనీర్ లాంటి గడ్డ), ఫిష్ సాస్. ఈ సాస్‌ను అక్కడ నామ్ ప్లా అంటారు. నెత్తళ్లలాంటి చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం ఇది. మూత తీయగానే వచ్చే వాసన చూసి పక్కన పెట్టేయకండి; వేడి తగిలాక ఆ ఘాటు తగ్గి కమ్మదనం మిగులుతుంది. శాకాహారులు దీని బదులు సోయా సాస్ వాడుకుని, రొయ్యపప్పు మానేయవచ్చు.

ఇద్దరికి 150 గ్రాముల నూడుల్స్ సరిపోతాయి. 3 నుంచి 5 మిల్లీమీటర్ల వెడల్పున్న బద్దీల్లాంటివి కొనండి. థాయ్‌లాండ్‌లో వీటిని చంతబురి ప్రాంతం పేరు మీద సెన్ చాన్ అంటారు. మామూలు నీళ్లలో అరగంట నుంచి 40 నిమిషాలు నాననివ్వండి. ఒకదాన్ని తీసి వేలికి చుట్టి చూడండి. విరగకుండా చుట్టుకోవాలి, కొరికితే మాత్రం మధ్యలో ఇంకా గట్టిగా తగలాలి. వెంటనే నీళ్లు వంచేయండి.

అవి నానేలోగా రసం తయారు చేసుకోండి. చింతపండును చారుకు తీసినట్టు పల్చగా కాదు, పులిహోరకు తీసినట్టు చిక్కగా పిండాలి. 50 గ్రాముల తాటి బెల్లాన్ని చిన్న మంట మీద కరిగించి, నాలుగు పెద్ద చెంచాల చింతపండు గుజ్జు, మూడు పెద్ద చెంచాల ఫిష్ సాస్ కలపండి. నాలుక మీద వేసుకుంటే పులుపు, తీపి, ఉప్పు మూడూ కాస్త ఎక్కువే అనిపించాలి. చప్పటి నూడుల్స్‌లో కలిశాక సరిగ్గా సరిపోతాయి.

ఇక వేపుడు. ఒకసారికి ఒక్క ప్లేటుకు సరిపడానే చేయండి, దయచేసి ఈ మాట వినండి. ఇంటి పొయ్యి మంట రెండు ప్లేట్ల నూడుల్స్‌ను ఒకేసారి వేయించలేదు. మూకుడు చల్లబడి, అన్నీ ఆవిరికి మెత్తబడిపోతాయి. ఇనుప మూకుడు పొగ లేచేదాకా కాలాక రెండు చెంచాల నూనె వేసి, గట్టి టోఫు ముక్కలు ఎర్రగా వేయించండి. పనీర్‌తో ఈ రుచి రాదు. టోఫు దొరక్కపోతే గుడ్డు ఒకటి ఎక్కువ వేయడమే మేలు. తరిగిన చిన్న ఉల్లిపాయలు, చెంచా రొయ్యపప్పు వేసి వాసన రాగానే సగం నూడుల్స్, సగం రసం పోయండి. అంచుల్లో రసం బుడగలు కక్కుతూ చిక్కబడుతుంటే అట్లకాడతో కిందినుంచి ఎత్తి తిప్పుతూ ఉండండి. తెల్లని నూడుల్స్ తేనె రంగుకు తిరుగుతాయి. రసం ఇగిరినా గట్టిగానే ఉంటే గుప్పెడు నీళ్లు చిలకరించండి.

నూడుల్స్‌ను పక్కకు నెట్టి, ఆ ఖాళీలో గుడ్డు కొట్టి పోయండి. సగం గట్టిపడ్డాక కలిపేయండి. చివర్లో గుప్పెడు పెసర మొలకలు, ఉల్లికాడలు వేసి రెండు తిప్పులు తిప్పి దించేయాలి. మనం గుగ్గిళ్లకు వాడే పొట్టి మొలకలు దీనికి పనికిరావు. వెలుతురు తగలకుండా నాలుగైదు రోజులు పెంచిన పొడవాటి తెల్ల మొలకలు కావాలి.

పైన కచ్చాపచ్చాగా దంచిన వేయించిన వేరుశెనగ గుళ్లు చల్లి, పక్కన నిమ్మచెక్క, కాస్త ఎండుకారం పెట్టండి. మనం ఆవ పెట్టి కూర వండుకునే అరటి పువ్వును అక్కడ ఈ ప్లేటు పక్కన పచ్చిగానే వడ్డిస్తారు. లోపలి లేత రేకులు నిమ్మరసం కలిపిన నీళ్లలో వేసి ఉంచితే నల్లబడవు. ఆ వగరు ఈ తీపి పులుపులకు ఎంత బాగా నప్పుతుందో!

మొదటి ప్లేటును వేడి మీదే తినమని ఇచ్చేసి, మూకుడు తుడిచి, మళ్లీ పొగ లేచేదాకా కాల్చి రెండోది మొదలుపెట్టండి.