విదేశీ పల్లెలో ఉంటూ చిన్న నలతకే కంగారు పడకుండా ఉండడం ఎలా?

తిరుపతిలో తలనొప్పి వస్తే వీధి చివర మెడికల్ షాపు ఉంటుంది. ఎక్కువైతే రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. ఉద్యోగం కోసం టాంజానియాలో ఏదో మారుమూల పల్లెకు వెళ్ళినవాళ్ళకు అదే తలనొప్పి రాత్రిపూట ప్రాణం మీదికి వచ్చినట్టు అనిపిస్తుంది. ఈ టెన్షన్ తగ్గించుకునే పని సగం ఇక్కడే, విమానం ఎక్కకముందే మొదలుపెట్టాలి.

బయలుదేరే ముందు

మీకు అలవాటైన డాక్టరు చేత చీటీ మీద కంపెనీ పేర్లకు బదులు మందుల అసలు పేర్లు రాయించుకోండి. డోలో అంటే అక్కడ తెలియకపోవచ్చు, పారాసిటమాల్ అంటే తెలుస్తుంది. రోజూ వాడే మందులు, థర్మామీటర్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు సర్దుకోండి. గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళు ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు లాంటివి అనుమతి లేకుండా తీసుకెళ్ళొద్దు. కేసులవుతాయి.

ఒంట్లో నలతగా ఉంటే ముందు రాయండి

అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఫోన్ తీయకముందే నోట్‌బుక్ తీయండి.

"రాత్రి 8. తల బరువు. టెంపరేచర్ 98.9. పొద్దుట్నించి రెండు గ్లాసుల నీళ్ళే తాగాను. ఎండలో తిరిగాను."

ఇంత చాలు. 100.4 ఫారెన్‌హీట్ దాటితేనే జ్వరం కింద లెక్క. నీళ్ళు తాగి, తిని, నాలుగు గంటల తర్వాత మళ్ళీ రాయండి. మధ్యలో నాడి పట్టుకుని చూసుకోవద్దు. భయపడితే గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. వాటిని కొత్త జబ్బు అనుకుని ఇంకా భయపడతాం. రాత్రిపూట లక్షణాలు టైప్ చేసి నెట్‌లో వెతికితే ఆ భయానికి ఆజ్యం పోసినట్టే.

విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలపండి. స్పూన్లు తలకొట్టి ఉండాలి. కడుపు కుదుటపడ్డాక రాగిజావ మంచిది. టాంజానియా సంతల్లో ఉలేజీ అని అమ్మేవి మన రాగులే.

ఇంటికి ఎప్పుడు చెప్పాలి?

టాంజానియాలో రాత్రి పది అంటే చిత్తూరులో పన్నెండున్నర. ఆ వేళ ఫోన్ మోగితేనే ఇంట్లో అందరి గుండెలు జారిపోతాయి. "ఏమైంది నాయనా, జొరమా? ఏమన్నా తిన్నావా లేదా?" అని అమ్మ ఏడుస్తుంటే మీ భయం రెట్టింపవుతుంది. దాచమని చెప్పడం లేదు, గొంతు వినగానే అమ్మకు ఎలాగూ తెలిసిపోతుంది. రాత్రి చెప్పుకోవడానికి అక్కో, స్నేహితుడో, నిబ్బరంగా వినే మనిషిని ఒకరిని ముందే అనుకోండి. నోట్‌బుక్‌లో రాసింది వాళ్ళకు చదివి వినిపించండి. అమ్మకు తెల్లారాక చెప్పండి.

ఆగకూడని సందర్భాలు

మలేరియా ఉన్న ప్రాంతంలో జ్వరం వస్తే చిన్నదనుకోకండి, అదే రోజు రక్త పరీక్ష చేయించుకోండి. పారాసిటమాల్ వేసుకుంటే జ్వరం దిగొచ్చు, మలేరియా పోదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి ఒకవైపు వంగడం, మాట ముద్దగా రావడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, విరేచనంలో రక్తం, పాము కాటు, వీటిలో ఏది కనిపించినా నోట్‌బుక్ పక్కన పెట్టి బయలుదేరాలి.

దానికి దారి ముందే తెలిసుండాలి. వెళ్ళిన మొదటి వారంలోనే, ఒళ్ళు బాగున్నప్పుడే, దగ్గర్లోని క్లినిక్‌కు పగటిపూట ఒకసారి వెళ్ళి రండి. మలేరియా పరీక్ష చేస్తారా, రాత్రిళ్ళు ఎవరుంటారు అని అడగండి. ఊళ్ళో బండి ఉన్నవాళ్ళతో మాట్లాడి, ఇద్దరి నంబర్లు కాగితం మీద రాసి తలుపుకు అంటించండి.

ఒళ్ళు బాగానే ఉన్నా వారాల తరబడి నిద్ర పట్టక, రోజంతా ఒంటినే పరీక్షించుకుంటూ ఉంటే ఆ ఆందోళనకూ వైద్యం ఉంది. వీడియో కాల్‌లో తెలుగు తెలిసిన డాక్టరుకు ఆ మాటే నేరుగా చెప్పండి.